మూన్‌లైట్ అండ్ ప్రెట్జెల్స్ (1933): డబ్బు ఎక్కడ తగ్గిందో తెరమీదే పట్టుకోవడం ఎలా?

#1 రీలుపెట్టె

1933 మార్చిలో వార్నర్ బ్రదర్స్ "ఫార్టీ సెకండ్ స్ట్రీట్" వచ్చి విరగబడి ఆడింది. అప్పటికి రెండు మూడేళ్లుగా హాలీవుడ్‌లో మ్యూజికల్ అంటే ఎవరూ దగ్గరికి రానిచ్చేవారు కాదు. 1929-30లో పాటల సినిమాలు మరీ ఎక్కువై జనానికి మొహం మొత్తింది. 1931లో వార్నర్ వాళ్లే "ఫిఫ్టీ మిలియన్ ఫ్రెంచ్‌మెన్"లో పాటలన్నీ తీసేసి మామూలు కామెడీగా వదిలారు. అలాంటిది ఈ ఒక్క సినిమాతో ఏడాది తిరిగేలోగా ప్రతి స్టూడియో ఒక బ్యాక్‌స్టేజ్ కథ (స్టేజి షో తయారీ వెనక నడిచే కథ) పట్టుకుంది. ఎం.జి.ఎం. "డాన్సింగ్ లేడీ"ని డబ్బు పోసి తీసింది. చెస్టర్‌ఫీల్డ్, ఇన్విన్సిబుల్ లాంటి చిన్న కంపెనీలు అరకొర సెట్లతో లాగించాయి.

ఈ రెండింటి మధ్యలో ఉంది యూనివర్సల్ "మూన్‌లైట్ అండ్ ప్రెట్జెల్స్". విడుదల 1933 ఆగస్టు. దర్శకుడు కార్ల్ ఫ్రాయిండ్, నృత్యాలు బాబీ కనోలీ. నిర్మాతలు విలియం రోలండ్, మాంటీ బ్రైస్. షూటింగ్ హాలీవుడ్‌లో కాదు, న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని ఆస్టోరియా స్టూడియోలో. కథ తెలిసిందే: చేతిలో కాసు లేని పాటల రచయిత (రోజర్ ప్రయర్), చిన్న ఊళ్లో సంగీత దుకాణం నడిపే అమ్మాయి (మేరీ బ్రయన్), బ్రాడ్‌వే (న్యూయార్క్ నాటకశాలల వీధి) షో, దాని పెట్టుబడిలో దూరే జూదగాడు (లియో కారియో).

కథ గురించి ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఈ తరహా సినిమాలో డబ్బు తగ్గినప్పుడు అది తెరమీద ఎక్కడెక్కడ కనబడుతుంది, ఎందుకు కనబడుతుంది, కొలతలతో సహా చెప్పగలిగినవాళ్లు చెప్పండి. ఒక మాట ముందే: "ఫార్టీ సెకండ్ స్ట్రీట్" ఖర్చు సుమారు 4,39,000 డాలర్లు. ఆ రోజులకి అదేమీ కళ్లు తిరిగే మొత్తం కాదు. కాబట్టి "వాళ్ల దగ్గర డబ్బుంది, వీళ్ల దగ్గర లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు తృప్తి లేదు.

#2 గ్రామఫోను

పాటల దగ్గర మాత్రం డబ్బు తగ్గిన జాడ కనబడదు. జే గోర్నీ, యిప్ హార్‌బర్గ్ జంట ఉంది. "బ్రదర్, కెన్ యు స్పేర్ ఎ డైమ్?" అంతకు ముందు ఏడాదే వీళ్లు రాసిన పాట, 1932 అక్టోబర్లో "అమెరికానా" అనే స్టేజి రెవ్యూ (పాటలు, హాస్యాల ప్రదర్శన) కోసం. ఇంకో వైపు హర్మన్ హప్‌ఫెల్డ్. 1931లో "యాజ్ టైమ్ గోజ్ బై" రాసింది ఆయనే. అది "కాసాబ్లాంకా"లోకి రావడానికి ఇంకా పదేళ్లుంది.

ఈ సినిమాలో హప్‌ఫెల్డ్ పాటలు "ఆర్ యు మేకిన్ ఎనీ మనీ?", "ఐ హావ్ గాట్ టు గెట్ అప్ అండ్ గో టు వర్క్". పేర్లు చూడండి, రెండూ జీతం, సంపాదన గురించే. గోర్నీ-హార్‌బర్గ్ వైపు నుంచి "ఆ, బట్ ఈజ్ ఇట్ లవ్?", "డస్టీ షూస్".

పాట రాయించుకోవడం చవక. ఒక పియానో, ఇద్దరు మనుషులు చాలు. బీద సినిమాలో పాటలు బాగుండి చిత్రీకరణ నీరసంగా ఉండటానికి మొదటి కారణం ఇదే.

#3 పిట్టగోడ

కొత్తగా ఈ సినిమాలు చూస్తున్నాను. తెలియక అడుగుతున్నా. "ఫార్టీ సెకండ్ స్ట్రీట్" నృత్యాలు కూర్చిన బస్బీ బర్కిలీ తీసినట్టు పైనుంచి పువ్వు విచ్చుకున్నట్టు కనబడే షాటు ఉంది కదా, దానికి అమ్మాయిలు, కెమెరా, ఒక నిచ్చెన ఉంటే చాలదా? మిగతావాళ్లు తీసినవి ఎందుకు తేలిపోతాయి?

#4 అడుగులలెక్క

పిట్టగోడ గారూ, లెక్క వేసి చూద్దాం. మంచి ప్రశ్న.

24 మంది అమ్మాయిలు వలయంగా నిలబడ్డారనుకోండి. నడుం మీద చెయ్యి పెట్టుకుంటే మనిషికి 3 అడుగులు కావాలి. వలయం చుట్టుకొలత 72 అడుగులు, అడ్డకొలత దాదాపు 23. గౌన్లు పరుచుకోవడానికి, ఫ్రేము అంచుకి ఖాళీ వదలడానికి అటు ఇటు అడుగున్నర చొప్పున కలిపితే 26 అడుగులు. ఇదంతా ఫ్రేము ఎత్తులో పట్టాలి. 1932 నుంచి వాడుకలోకి వచ్చిన అకాడమీ ఫ్రేము 22 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు. 35 మి.మీ. లెన్సు వేస్తే కావలసిన దూరం 26 × 35 ÷ 16, అంటే సుమారు 57 అడుగులు. ఈ దూరం కొలవాల్సింది నేల నుంచి కాదు, అమ్మాయిల తలల మట్టం నుంచి. ఇంకో 5 అడుగులు కలపండి. 62 అయింది.

ఇప్పుడు మామూలు స్టేజీలో దీపాలు వేలాడే దూలాలు ఏ ఎత్తులో ఉంటాయో ఆలోచించండి. అంతెత్తుకి కెమెరా పోదు. బర్కిలీ కెమెరా కోసం స్టూడియో కప్పుకి కన్నాలు పెట్టించాడనే కథ ఊరికే పుట్టలేదు.

25 మి.మీ. లెన్సుతో 41 అడుగుల దూరం చాలు. కానీ ఫ్రేము అంచుల్లో ఉన్నవాళ్ల తలలు పెద్దవై బయటికి వాలినట్టు కనబడతాయి. బొమ్మ పువ్వులా ఉండదు, గొడుగు కింద నుంచి చూసినట్టు వాలిపోతుంది. ఆ కాలపు వైడ్ లెన్సులు అంచుల్లో మెత్తబడతాయి కూడా.

మరి 12 మందితో చేస్తే? చుట్టుకొలత 36, అడ్డకొలత పదకొండున్నర, ఖాళీతో కలిపి పద్నాలుగున్నర అడుగులు. 35 మి.మీ. లెన్సుకి 32 అడుగుల దూరం, తలలు కలిపితే 37. ఇది చాలా స్టేజీల్లో కుదురుతుంది. కానీ 12 మందితో వలయం వేస్తే మధ్యలో ఖాళీ, చుట్టూ చుక్కలు. పువ్వు కావాలంటే లోపల ఇంకో వలయం ఉండాలి, ఆ రెండూ ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి. అప్పుడే కన్ను మనుషుల్ని వదిలేసి ఆకారాన్ని పట్టుకుంటుంది.

తక్కువ ఖర్చు సినిమాల్లో సరిగ్గా పైనుంచి కాకుండా 45 డిగ్రీల వాలులో, బాల్కనీలోంచి చూసినట్టు తీసే షాట్లు అందుకే ఎక్కువ. ఆ కోణంలో వలయం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. వెనక వరస పొట్టిగా, ముందు వరస పొడుగ్గా కనబడుతుంది. అనుకరణ వెంటనే తెలిసిపోయేది అక్కడే.

ఇంకొకటి. వలయం అడ్డకొలత రెండింతలైతే వెలుగు పడాల్సిన నేల నాలుగింతలవుతుంది. 12 మంది వలయం లోపల సుమారు 104 చదరపు అడుగులు, 24 మందికి సుమారు 415. అమ్మాయిల జీతాలు రెండింతలే పెరుగుతాయి, దీపాలు, కరెంటు, వాటిని సర్దే మనుషుల ఖర్చు నాలుగింతలు. నిర్మాత "ఇంకో డజను అమ్మాయిల్ని తెస్తే పోలా" అనుకుంటాడు, కెమెరామన్ ఒప్పుకోడు. అసలు కారణం ఈ లెక్కే.

#5 నెగటివ్_కట్టర్

పై లెక్క బాగుంది. దానికి కాలం లెక్క కూడా చేర్చాలి. నా ఉద్దేశంలో అసలు తేడా అంతా అక్కడే.

పాట నిమిషానికి 120 దరువులు అనుకోండి. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి దరువుకి 12 ఫ్రేములు. 32 బార్ల (బారుకి 4 దరువులు) పల్లవికి 128 దరువులు, 64 సెకన్లు, నిమిషానికి 90 అడుగుల లెక్కన 96 అడుగుల ఫిల్ము. ముందు ఒక 16 బార్ల చరణం, తర్వాత పల్లవి మూడు సార్లు అంటే 336 అడుగులు, 3 నిమిషాల 44 సెకన్లు.

బర్కిలీ పద్ధతి ఒక్క కెమెరా. ప్రతి షాటూ ముందే మనసులో కోసేసి ఉంటుంది. 8 బార్లకి ఒక షాటు చొప్పున తీస్తే ఒక్కోటి 24 అడుగులు, మొత్తం 14 షాట్లు. టేకు పోయినా పోయేది 24 అడుగులే. ఫిల్ము ఖర్చు చూస్తే ఇది పొదుపైన పద్ధతి! కానీ ప్రతి షాటుకీ కెమెరా కదలాలి, దీపాలు మళ్లీ సర్దాలి, అమ్మాయిల్ని కొత్త గీతల మీద నిలబెట్టాలి. ఒక్కో సర్దుబాటుకి గంటన్నర వేసుకున్నా 21 గంటలు. అంటే రెండున్నర రోజులు, ఒక్క పాటకి. అది కూడా రిహార్సల్ పూర్తయ్యాక.

చేతిలో అన్ని రోజులు లేనివాళ్లు చేసేది ఇంకోటి. మూడు కెమెరాలు పెట్టి, ఒకటి మొత్తం కనబడేలా, ఒకటి నడుం దాకా, ఒకటి పక్కనుంచి, పాట మొదలు నుంచి చివరి దాకా ఒకే ఊపులో తీసేస్తారు. టేకుకి 1,008 అడుగులు పోతాయి. నాలుగు టేకులైనా సగం రోజులో అయిపోతుంది. ఫిల్ము ఎక్కువ, కాలం తక్కువ. స్టూడియో అద్దె, వాద్యకారులు, కోరస్ (గుంపు డాన్సర్లు) జీతాలు రోజు లెక్కన కాబట్టి బీద నిర్మాతకి ఇదే కలిసొస్తుంది.

దీని ఫలితం తెరమీద చూడండి. మూడు కెమెరాలకీ ఒకే వెలుగు సరిపోవాలి కాబట్టి నేలంతా చదునుగా తెల్లగా ఉంటుంది, నీడల మలుపు ఉండదు. ఒక కెమెరా ఇంకో కెమెరా కంటపడకూడదు కాబట్టి మూడూ ప్రేక్షకుల వైపే ఉంటాయి. డాన్సర్ల మధ్యలోకి, కాళ్ల కిందికి, వెనక్కి కెమెరా వెళ్లలేదు. కట్టింగ్ కూడా పాట వెంట పడుతుంది, పాటని నడిపించదు.

#6 పిట్టగోడ

లెక్కతో చెబితే ఇప్పుడు అర్థమైంది. పైన అద్దం వాలుగా పెట్టి కింద నుంచే తీస్తే ఎత్తు సమస్య పోదా?

#7 అడుగులలెక్క

సగం పోతుంది. 45 డిగ్రీల వాలులో అద్దం వేలాడదీస్తే కెమెరా పక్కనే ఎత్తైన అరుగు మీద ఉండొచ్చు. డాన్సర్ల నుంచి అద్దం దాకా, అద్దం నుంచి లెన్సు దాకా రెండు దూరాలూ కలిపి 57 అయితే చాలు. కానీ అద్దం సైజు చూడండి. దారిలో మూడో వంతు లెన్సు వైపు మిగిలిన చోట అద్దం పెడితే, అక్కడ బొమ్మ వెడల్పు మూడో వంతు: ఎత్తుకి 26లో మూడో వంతు, దాదాపు 9 అడుగులు, వాలు వల్ల ఇంకో 4 కలిపితే 13. అడ్డంగా చూస్తే ఫ్రేము వెడల్పు 36 అడుగుల నేల, దాని మూడో వంతు 12. పన్నెండు పదమూడు అడుగుల అద్దాన్ని ఒకే పలకగా, వంపు లేకుండా పైన వేలాడదీయాలి. తన బరువుకే మధ్యలో కాస్త వంగితే వలయం వంకర పోతుంది. ముక్కలు అతికిస్తే అతుకులు కనబడతాయి. అద్దానికి వెనక వైపు పూత ఉంటే రెండు ప్రతిబింబాలు. అందుకే చిన్న గుంపులకే ఈ ఉపాయం పనికొస్తుంది.

నేల సంగతి కూడా మర్చిపోవద్దు. నల్లగా మెరిసే నేలైతే ప్రతిబింబంతో 24 మంది 48 మందిలా కనబడతారు, చవకలో దొరికే గొప్ప లాభం అది. కానీ చెప్పుల గీతలు ఒక్క టేకులోనే పడతాయి. టేకు టేకుకీ తుడిచి మెరుగు పెట్టాలి, రిహార్సల్లో చెప్పుల మీద గుడ్డ తొడగాలి. మెరుగు ఎక్కువైతే అమ్మాయిలు జారతారు, పైన దీపాలు నేలలో కనబడతాయి. మళ్లీ కాలం ఖర్చే.

#8 తెరచాటు

మీరందరూ దీన్ని అనుకరణ అన్న మాట మీద నిలబడి మాట్లాడుతున్నారు. నేను ఒక చోట గట్టిగా అడ్డం పడతాను: "డస్టీ షూస్".

సినిమాలో అన్నిటికన్నా బరువైన నంబరు (పాట, నాట్యం కలిసిన ఘట్టం) అది. అలెగ్జాండర్ గ్రే పాడతాడు. మాంద్యం, పని లేని జనం, చివరికి కోలుకుంటామనే ఆశ. ఎవరు రాసినా "గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933"లోని "రిమెంబర్ మై ఫర్గాటెన్ మాన్"కి నకలు అని ఒక వాక్యం రాసి వదిలేస్తారు. కానీ వరస చూడండి.

1932 ఏప్రిల్ 7న రూజ్‌వెల్ట్ రేడియో ప్రసంగంలో "మరిచిపోయిన మనిషి" అన్న మాట వాడాడు. ఆ వేసవిలో మొదటి ప్రపంచ యుద్ధపు మాజీ సైనికులు బోనస్ కోసం వాషింగ్టన్‌లో గుడారాలు వేస్తే జులై 28న సైన్యం వాళ్లని తరిమింది. అక్టోబర్లో "బ్రదర్, కెన్ యు స్పేర్ ఎ డైమ్?". యుద్ధంలో కవాతు చేసినవాడు, రైలు పట్టాలు వేసినవాడు, ఇప్పుడు అడుక్కుంటున్నవాడు, ఈ మూడు బొమ్మల్నీ ఒక పాటలో కలిపింది గోర్నీ, హార్‌బర్గ్‌లే. వారన్, డూబిన్‌ల "ఫర్గాటెన్ మాన్" ఆ తర్వాత 1933లో వచ్చింది. అంటే "డస్టీ షూస్"లో వాళ్లు తమ వస్తువుకే తిరిగి వచ్చారు. నకలు కొట్టారనడం అన్యాయం.

#9 రీలుపెట్టె

తెరచాటు గారూ, పాట వరకూ ఒప్పుకుంటాను. కానీ పాట వేరు, దాన్ని సినిమాలో పెట్టిన తీరు వేరు. కులాసాగా సాగే షో కథలో ఒక్కసారిగా నిరుద్యోగుల గుంపుని స్టేజి మీదికి తేవడం, కథకి దానితో ఏ సంబంధమూ లేకపోవడం, ఇది వార్నర్ వాళ్ల ఎత్తు. "గోల్డ్ డిగ్గర్స్" మే చివర్లో వచ్చింది, ఇది ఆగస్టులో. మధ్యలో రెండు నెలలు. ఆ కాలంలో రెండు నెలలు సినిమా మార్చుకోవడానికి చాలా ఎక్కువ.

#10 తెరచాటు

అది కుదిరే మాటే, కాదనను. అయితే వార్నర్ వాళ్లకీ అది ముందుగా వేసుకున్న పథకం కాదు. "గోల్డ్ డిగ్గర్స్"కి ముగింపుగా మొదట అనుకున్నది "పెట్టిన్ ఇన్ ది పార్క్". "ఫర్గాటెన్ మాన్" తీశాక దాని బలం చూసి దాన్ని చివరికి జరిపారు. సంతోషంగా ముగియాల్సిన కామెడీ కవాతుతో ముగియడం అలా జరిగింది.

ఇంకో సంగతి. వార్నర్ నంబరు దుఃఖంలోనే ఆగిపోతుంది. "డస్టీ షూస్" కోలుకోవడం దాకా వెళ్తుంది. మాంద్యం నుంచి పరిశ్రమల్ని లేపడానికి తెచ్చిన జాతీయ పారిశ్రామిక పునరుద్ధరణ చట్టం మీద రూజ్‌వెల్ట్ సంతకం పెట్టింది జూన్ 16న. వార్నర్ వాళ్లు ఆ ఆశని తమ సంగీత చిత్రంలోకి తెచ్చింది అక్టోబర్లో, "ఫుట్‌లైట్ పరేడ్" చివర నీలి గద్ద (ఆ పునరుద్ధరణ పథకం గుర్తు), రూజ్‌వెల్ట్ ముఖం ఆకారాల కవాతుతో. ఆ ఒక్క విషయంలో యూనివర్సల్ ముందుంది.

పేరులోనూ అంతే. 3.2 శాతం బీరు చట్టబద్ధమైంది 1933 ఏప్రిల్ 7న, మద్య నిషేధం పూర్తిగా పోయింది డిసెంబర్ 5న. ఆ మధ్యలో, బీరుతో తినే ప్రెట్జెల్‌ని పేరులో పెట్టుకుని వచ్చిన సినిమా ఇది. ఆ వేసవి ప్రేక్షకుడికి పోస్టరు చూడగానే అర్థమై ఉంటుంది. దీన్ని నేను తెలివి అంటాను.

#11 గ్రామఫోను

రెండు నంబర్ల మధ్య ఉన్న తేడా గుంపుని తీయడంలో ఉంది. వార్నర్ నంబరులో వలయాకారపు వంతెనల మీద సైనికులు నీడల్లా నడుస్తారు, కింద మాజీ సైనికులు గాయకురాలి వైపు వస్తారు. గుంపుని సెట్టు మీదే పుట్టించారు. చిన్న సంస్థకి ఆ దారి లేదు. అలాంటి చోట మామూలుగా దొరికే చవకైన గుంపు వార్తాచిత్రాల లైబ్రరీలో ఉంటుంది. కార్మికులు, ఫ్యాక్టరీ గేట్లు, బ్యాంకుల ముందు జనం. పత్రికల శీర్షికలు, పొగగొట్టాలు, కాళ్ల దగ్గరి షాట్లు కలిపి అతికిస్తే మూడు వందల మంది ఎక్స్‌ట్రాల పని ముప్పై మందితో అవుతుంది.

దీనివల్ల ఒక ఇబ్బంది వస్తుంది. స్టేజి మీద షో జరుగుతోందని మొదలుపెట్టి బయటి వీధి చూపిస్తే, థియేటర్లో కూర్చున్న కథలోని ప్రేక్షకులు ఏం చూస్తున్నట్టు? బర్కిలీ కూడా ఇదే అబద్ధం ఆడతాడు. కానీ ఆయన తెర లేచాక మెల్లగా, మూడు నాలుగు షాట్లలో స్టేజి గోడల్ని కరిగిస్తాడు, మనకి తెలియకుండానే లోపలికి వెళ్లిపోతాం. వార్తాచిత్రపు ముక్క నేరుగా వచ్చి పడితే గింజలు (ఫిల్ము మీది సన్నని చుక్కలు) వేరు, వెలుగు వేరు, కుదుపు తెలుస్తుంది.

#12 కొత్తపేట_టాకీస్

ఈ పాటలు ముందే రికార్డు చేసినవా, కెమెరా ముందు పాడినవా? మన "భక్త ప్రహ్లాద" (1932) కాలంలో నటులే కెమెరా ముందు పాడాలి, వాద్యాలు ఫ్రేము అవతల ఉండాలి కదా. అమెరికాలో అప్పటికి మారిపోయిందా?

#13 నెగటివ్_కట్టర్

మారిపోయింది. 1929లో "బ్రాడ్‌వే మెలొడీ" తీసేటప్పుడే ఒక నంబరు మళ్లీ తీయాల్సి వచ్చి, శబ్దం బాగుంది కదా అని పాత ట్రాకుని వినిపిస్తూ బొమ్మ మాత్రం తీశారు. 1933కల్లా పాట ముందు రికార్డు చేసి, స్టేజి మీద స్పీకర్లో వినిపిస్తూ, పెదవులు కలిపించడం హాలీవుడ్‌లో మామూలు పద్ధతి. అది లేకపోతే #5లో చెప్పిన 14 షాట్ల పద్ధతే లేదు. ప్రతి షాటుకీ ఆర్కెస్ట్రా మళ్లీ వాయిస్తే లయ ఒకేలా రాదు, అతికించలేం.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే వేగం దగ్గర. వినిపించే యంత్రం, కెమెరా ఒకే కరెంటు లయకి కట్టిన మోటార్లతో తిరగాలి. తేడా 0.2 శాతం ఉన్నా మూడు నిమిషాల పాట చివరికి 0.36 సెకను, అంటే దాదాపు 9 ఫ్రేములు. పెదవుల కదలిక రెండు మూడు ఫ్రేములు తప్పినా కన్ను పట్టేస్తుంది. చిన్న షాట్లలో ఈ తేడా పోగుపడే అవకాశం ఉండదు, ప్రతి షాటూ కొత్తగా లయలో పెట్టుకోవచ్చు. పొడుగు టేకుల్లోనే దెబ్బ తగులుతుంది. బీద సినిమాకి రెండు వైపులా నష్టమే.

చెప్పుల టపటప అప్పటికప్పుడు పట్టిన శబ్దం కాదు. స్పీకర్లో పాట మోగుతుంటే మైకు పెట్టలేరు. తర్వాత డాన్సర్లని చెక్క పలక మీద ఆడించి రికార్డు చేసి కలుపుతారు. డబ్బు లేకపోతే ఇద్దరిచేత కొట్టించి ఇరవై మంది కాళ్ల కింద పెడతారు. శబ్దం మరీ శుభ్రంగా, పలచగా ఉంటే అదే కారణం.

ఇంకో గుర్తు: ఒక దృశ్యం కరిగి ఇంకోటి అయ్యేచోట. అప్పటి డూప్ నెగటివ్‌లో (అసలు నెగటివ్ నుంచి తీసిన నకలులో) గింజలు ఎక్కువ, మెరుపు తక్కువ. కరిగే చోటుకి ముందు అతుకు దగ్గరే బొమ్మ కాస్త మసకబారి, దాటాక మళ్లీ తేటబడుతుంది. ఇది పెద్ద స్టూడియో ప్రింట్లలోనూ ఉంటుంది, కాకపోతే వాళ్లు డూప్ ముక్కని వీలైనంత కురచగా ఉంచుతారు. ల్యాబ్‌కి డబ్బు తక్కువైతే షాటు మొత్తాన్నే డూప్ చేసి వదిలేస్తారు.

#14 తెరచాటు

ఆస్టోరియా గురించి ఎవరూ చెప్పలేదు. 1920లో ఫేమస్ ప్లేయర్స్-లాస్కీ కట్టిన స్టూడియో అది. హాస్యనటులు మార్క్స్ సోదరుల మొదటి రెండు సినిమాలు అక్కడే తీశారు. పారమౌంట్ 1932లో వదిలేశాక అద్దెకిచ్చే స్టూడియో అయింది. "ది ఎంపరర్ జోన్స్" (1933) అక్కడిదే. సౌండుకి కట్టిన స్టేజీలు ఖాళీగా ఉన్నాయి, నదికి అవతల బ్రాడ్‌వేలో పని లేని కోరస్ అమ్మాయిలు, బ్యాండ్లు, గాయకులు ఉన్నారు. హాలీవుడ్‌కి రైలు టికెట్లు కొనక్కర్లేదు. ఈ సినిమాలో జాక్ డెన్నీ ఆర్కెస్ట్రా, ఫ్రాంక్ అండ్ మిల్ట్ బ్రిటన్ బ్యాండ్ ఉండటం అందుకే. బ్రిటన్ వాళ్లు వాద్యాలు విరగ్గొడుతూ నవ్వించే స్టేజి అంశానికి పేరు పొందినవాళ్లు. అంశం తయారుగా దొరికింది, రిహార్సల్ ఖర్చు లేదు.

కానీ అదే బలహీనత కూడా. కనోలీ బ్రాడ్‌వే మనిషి, "గుడ్ న్యూస్" (1927), "ది న్యూ మూన్" (1928) నృత్యాలు ఆయనవి. మంచి పనివాడు. వరసలు పెట్టడం, దాటించడం, ఎప్పుడు ఆపాలో ఆయనకి బాగా తెలుసు. ఆ కూర్పు ముందు వరసలో కూర్చున్నవాడి కంటికి చేసినది. బర్కిలీ కూడా బ్రాడ్‌వే నుంచే వచ్చాడు, కానీ 1930 నుంచి నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ దగ్గర హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ సినిమాల మీద కెమెరాతో ప్రయోగాలు చేసుకునే అవకాశం దొరికింది. "ఫార్టీ సెకండ్ స్ట్రీట్"లో చూసింది మూడేళ్ల సాధన. కనోలీకి ఆ సాధన కాలం దొరకలేదు. వార్నర్ వాళ్లు తర్వాత ఆయన్ని తీసుకున్నారు, ఆస్కార్ నామినేషన్లు కూడా వచ్చాయి. 1939లో "ది విజర్డ్ ఆఫ్ ఓజ్" నృత్యాలు ఆయనవే, పాటల సాహిత్యం హార్‌బర్గ్‌ది. ఇద్దరూ ఆస్టోరియాలో కలిసి పనిచేసినవాళ్లే.

#15 పిట్టగోడ

ఫ్రాయిండ్ అంటే "మెట్రోపోలిస్" తీసిన కెమెరామనేనా? "ది లాస్ట్ లాఫ్"లో కెమెరాని అంతలా నడిపించిన మనిషి చేతిలో పడ్డాక డాన్సులు ఇంకా బాగా రావాలి కదా?

#16 రీలుపెట్టె

ఆయనే. "డ్రాక్యులా" (1931) కెమెరామన్, "ది మమ్మీ" (1932) దర్శకుడు. యూనివర్సల్‌లో ఉన్నవాళ్లలో కెమెరా మీద అంత పట్టున్న దర్శకుడు దొరకడం వాళ్ల అదృష్టం.

కానీ కదిలే కెమెరాకి కావలసింది ఖాళీ నేల. 24 మంది డాన్సర్లున్న నేల మీద పట్టాలు వేస్తే అవి పైషాటులో కనబడతాయి, వాళ్ల అడుగులకి అడ్డం. క్రేను కావాలి, లేదా బర్కిలీ వాడినట్టు పైన వేలాడే ఒంటి పట్టా కావాలి. ఆ పరికరం ఒకసారి కొంటే పది సినిమాలకి వాడుకోవచ్చు, అందుకే వార్నర్ లాంటి సొంత స్టూడియోకి గిట్టుబాటు. ఒక్క సినిమా కోసం స్టేజి అద్దెకి తీసుకున్నవాళ్లకి కాదు. "ఫార్టీ సెకండ్ స్ట్రీట్" 4,39,000తో అంత ఘనంగా కనబడటానికి కూడా ఇదే కారణమనుకుంటాను. సోల్ పొలిటో కెమెరా, ఆరీ-కెల్లీ దుస్తులు, వడ్రంగి షాపు, ఆర్కెస్ట్రా, అన్నీ ఏడాది పొడుగునా జీతం మీద ఉన్నవే. చివరికి పాటల పుస్తకాలు అచ్చువేసే విట్‌మార్క్ కంపెనీని కూడా 1929లోనే కొని పెట్టుకున్నారు. పాట హిట్టయితే ఆ డబ్బు ఇంట్లోకే వస్తుంది. యూనివర్సల్ 1930లో "కింగ్ ఆఫ్ జాజ్" మీద భారీగా పెట్టి చేతులు కాల్చుకుంది. మళ్లీ మ్యూజికల్ తీయాలంటే బయటి నిర్మాతల చేత, బయటి స్టేజి మీద, ఒక్కసారికి సరిపోయే లెక్కతోనే తీసింది.

ఫ్రాయిండ్ చేయి చూడాలంటే డాన్సుల్లో వెతక్కండి. తెర వెనక మాటల సీన్లలో, ముఖాల మీద ఒక పక్కనుంచే పడే వెలుగులో చూడండి.

#17 నెగటివ్_కట్టర్

పిట్టగోడ గారూ, సినిమా మళ్లీ చూసేటప్పుడు గడియారం దగ్గర పెట్టుకోండి. ఒక్కో నంబరులో షాటు షాటుకీ సెకన్లు రాసుకోండి. 16 సెకన్లకి, 8 సెకన్లకి కోతలు పడుతుంటే పాట కొలత మీద ముందే పథకం వేసి తీశారని అర్థం. 11, 23, 7 ఇలా అడ్డదిడ్డంగా పడితే పొడుగు టేకుల్లోంచి తర్వాత ఏరుకున్నారు. పాట వేగం వేరైతే కొలత మారుతుంది, కాబట్టి ముందు పది దరువులు లెక్కపెట్టి ఒక బారుకి ఎంత పడుతుందో తేల్చుకోండి.

రెండోది, మధ్యలో ప్రేక్షకుల చప్పట్ల షాటు ఎక్కడ పడిందో చూడండి. పాట మధ్యలో, కారణం లేకుండా పడితే అక్కడ రెండు టేకులు లయలో కలవలేదని చాలాసార్లు అర్థం. దాన్ని కప్పడానికి ఎడిటర్ వేసే ముక్క అది.

#18 కొత్తపేట_టాకీస్

ఇందులో స్టేజి మనిషి మాక్‌గా వేసింది విలియం ఫ్రాలీ కదా? "ఐ లవ్ లూసీ" టీవీ కామెడీలో ఫ్రెడ్?

#19 తెరచాటు

అవును. 1951లో ఆ షో మొదలైనప్పుడు మూడు కెమెరాలతో, ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీయడానికి వెలుగు పద్ధతి తయారుచేసింది కార్ల్ ఫ్రాయిండే. మూడు కెమెరాలకీ ఒకేసారి సరిపడే చదును వెలుగు, నెగటివ్_కట్టర్ గారు #5లో చెప్పిన సమస్యే. పైనుంచి సమానంగా వెలుగు వేసి, ముఖాల నీడలు పోగొట్టడానికి కెమెరాల దగ్గర చిన్న దీపాలు పెట్టించాడు. ఆస్టోరియా సినిమాలో దర్శకుడు, నటుడు ఇద్దరూ పద్దెనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఒకే సెట్టు మీద కలిశారు.